తూకం తెలిసిన చేతులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వచ్చిన మిత్రులకు, విమాన కర్మాగారాల్లో పనిచేసి వచ్చి ఈ ఉపన్యాస నిధిని నిలబెట్టిన విశ్రాంత కార్మికులకు నమస్కారం. వెనుక నిలబడ్డ ఐటిఐ పిల్లలకు ఒక మాట: ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ ఉపన్యాసం ముఖ్యంగా మీకోసమే.

ఈ సభ డాక్టర్ విష్ణు మాధవ్ ఘాటగే స్మృతిలో జరుగుతున్నది. 1908లో పుట్టి 1991లో కన్నుమూసిన ఈ ఇంజనీరు పేరు మన ఇళ్లలో అంతగా వినబడదు. జర్మనీలోని గొట్టింగెన్‌లో లుడ్విగ్ ప్రాంటల్ దగ్గర చదువుకున్నాడాయన. గాలి రెక్క చుట్టూ ఎలా పారుతుందో ఈ ప్రపంచానికి లెక్క కట్టి చెప్పిన గురువు ప్రాంటల్. ఘాటగే తిరిగి వచ్చి బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విమాన శాస్త్రం బోధించాడు, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో విమానాలకు రూపమిచ్చాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో పదిమంది కూర్చునే గ్లైడరు, 1951 ఆగస్టు 5న మొదటిసారి ఎగిరిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం, ఆ తర్వాత పుష్పక్, కృషక్, 1964లో ఎగిరిన కిరణ్ జెట్ అన్నింటి వెనుకా ఆయన నాయకత్వం ఉంది. 1965లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన్ను గౌరవించడమంటే ఈ జాబితా చదవడం మాత్రమే కాదు. ఆయన చదువంతా గాలి సొరంగంలో వేలాడదీసిన చిన్న నమూనాలతో మొదలైందన్న సంగతిని పట్టించుకోవడం కూడా. చిన్నదాన్ని కొలిచి పెద్దదాన్ని కట్టడం ఆ విద్య పద్ధతి.

నేను ఇవాళ వాదించబోయేది ఒకే ఒక్క మాట. మోడల్ విమానాల పోటీల గురించి, పాత విమాన కర్మాగారపు నౌకరీల గురించి మనవాళ్లు ముచ్చటించుకునేటప్పుడు ఒకదాన్ని పిల్లల ఆటగా, మరొకదాన్ని నెల జీతంగా గుర్తు చేసుకుంటారు. రెండింటిలోనూ అసలు విషయం జారిపోతున్నది. ఆ ఆటలో, ఆ నౌకరీలో ఉన్నది ఒకే విద్య, గ్రాముకు జవాబు చెప్పే విద్య. దాన్ని నేర్పే మెట్టు ఒకటి మన జిల్లాల్లో ఎన్నడూ కట్టలేదు. చేతిపని మన దగ్గర దండిగా ఉంది, రెండున్నర వందల కిలోమీటర్ల లోపే హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలో కర్మాగారాలు ఉన్నాయి. ఈ రెంటి నడుమ ఉండవలసింది మాత్రం లేదు.

1

ముందుగా నౌకరీ జ్ఞాపకాన్ని చూద్దాం. మిగ్-21 విమానాలను మన దేశంలోనే తయారు చేసుకోవాలని 1962లో నిర్ణయమైనప్పుడు పనిని మూడు చోట్లకు పంచారు. విమాన శరీరం నాసిక్‌కు, ఇంజను ఒడిశాలోని కోరాపుట్‌కు, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌కు దక్కాయి. 1964 అక్టోబరు 1న పాత హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, కొత్త ఏరోనాటిక్స్ ఇండియా కలిసి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హాల్) అయ్యాయి. మరుసటి ఏడాదే హైదరాబాద్‌లోని బాలానగర్‌లో హాల్ శాఖ మొదలైంది. చుట్టూ ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఆల్విన్ ఉండేవి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన ఐటిఐ కుర్రవాడికి బాలానగర్ అంటే ఒక చిరునామా. కరీంనగర్ బస్సు దిగి సంచీ భుజాన వేసుకుని గేటు వెతుక్కునేవాడికి అక్కడ కనబడినది పర్మినెంటు నౌకరీ, కంపెనీ బస్సు, క్యాంటీను భోజనం, దవాఖాన, పీఎఫ్. సంబంధాలు చూసేటప్పుడు పిల్ల తండ్రి అడిగింది కూడా వీటినే. కాబట్టి జ్ఞాపకం వాటిని పట్టుకోవడంలో తప్పు లేదు.

ఇబ్బంది ఏమిటంటే, పని మాత్రం మాటల్లోకి రాలేదు. విమాన కర్మాగారంలో పని అంటే ఏమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. డ్రాయింగులో రాసిన కొలతకు మిల్లీమీటరులో వందో వంతు తేడా దాటకుండా ముక్కను రుద్దడం. ఆ ముక్క ఏ లోహపు కడ్డీ నుంచి వచ్చిందో, ఎవరు కోశారో, ఎవరు పరీక్షించారో కార్డులో రాసి దాన్ని ముక్కతో పాటే నడిపించడం. పరీక్షించినవాడి సొంత నంబరున్న ముద్ర పడడం, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ముక్క విరిగినా ఆ ముద్ర ఎవరిదో తేలేలా ఉండడం. షిఫ్టు ముగిసేసరికి ఒక స్పానరు తక్కువైతే అది దొరికేదాకా విమానాన్ని వదలకపోవడం. రివెట్టు రంధ్రం కాస్త పెద్దదైతే దాచిపెట్టకుండా పై అధికారికి రాసిచ్చి, డిజైను విభాగం అనుమతి తెచ్చుకోవడం. ఇందులో చివరిది అన్నింటికంటే కష్టం. తప్పు చేసినవాడే తప్పును కాగితం మీద పెట్టాలి. జీతం లెక్క మనవళ్లకు తెలుసు, ఈ లెక్క తెలియదు. క్వార్టర్సు పోయాయి, బస్సు పోయింది. తాతలు చెప్పి ఉంటే పని మిగిలేది.

మరో విషయం కూడా. మిగ్ విమానాల తయారీ దశలవారీగా జరిగింది. 1966లో రష్యా నుంచి వచ్చిన విడిభాగాల పెట్టెలు విప్పి బిగించడంతో మొదలై, ముడిలోహం నుంచి ఇక్కడే తయారు చేసిన విమానం 1970లో బయటికి వచ్చింది. మొత్తం మీద 650కి పైగా మిగ్-21లు ఈ దేశంలో తయారయ్యాయి. ఆ జాతి విమానం 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో వాయుసేన నుంచి సెలవు తీసుకుంది. పెట్టె విప్పి బిగించే చేతికి, లోహం నుంచి మలిచే చేతికి మధ్య నడిచిన ఆ నాలుగైదేళ్లే ఆ నౌకరీల్లో నిజమైన కథ. ఆ సంవత్సరాల గురించి ఎవరైనా విశ్రాంత ఫిట్టరు కూర్చుని రాయగలిగితే, ఈ ఉపన్యాసం కంటే ఆ పుస్తకం విలువైనది.

2

ఇక పోటీల సంగతి. మోడల్ విమానం అనగానే చేతిలో రిమోటు, నెత్తి మీద గిర్రున తిరిగే డ్రోను కళ్ల ముందుకు వస్తాయి. నేను చెప్పేది దానికంటే పాతది, రిమోటు లేనిది. స్వేచ్ఛగా ఎగిరే గ్లైడరును 50 మీటర్ల దారంతో పైకి లాగి వదిలేస్తారు. వదిలిన తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. కింద నిలబడ్డ టైమ్‌కీపరు గడియారం నొక్కుతాడు. 3 నిమిషాలు గాలిలో ఉంటే ఆ రౌండులో పూర్తి మార్కులు, ఆపైన ఎంతసేపు ఎగిరినా లెక్కలోకి రాదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ గ్లైడరు 410 గ్రాములకు తగ్గకూడదు. రబ్బరు మెలితో ఎగిరే తరగతిలో రబ్బరు 30 గ్రాములకు మించకూడదు, మిగతా శరీరం 200 గ్రాములకు తగ్గకూడదు. వేక్‌ఫీల్డ్ కప్పు పేరుతో 1928 నుంచి ప్రపంచమంతటా పోటీ పడ్డది ఈ రబ్బరు తరగతిలోనే.

నిబంధనలు చూడండి, ఎంత తెలివిగా ఉన్నాయో. ఎక్కువసేపు ఎగిరినవాడికి అదనపు మార్కులు లేవంటే అదృష్టం కొద్దీ దొరికిన వేడిగాలి మీద కాక, ప్రతి రౌండులోనూ నిలకడగా ఎగరడం మీద బహుమతి ఉన్నదన్నమాట. వేడిగాలిలో చిక్కిన మోడల్ కనుచూపు మేర దాటి పోకుండా ఉండడానికి మరో ఏర్పాటు చేసుకున్నారు. తోక భాగాన్ని పట్టి ఉంచిన రబ్బరు బ్యాండు దగ్గర ఒక వత్తి ముట్టించి వదిలేవారు. వత్తి కాలి బ్యాండు తెగగానే తోక పైకి లేచి, మోడల్ పడగ విప్పినట్టు నెమ్మదిగా కిందికి దిగేది. వత్తి ఎంత పొడవుంటే ఎన్ని నిమిషాలు కాలుతుందో ముందే కొలిచి పెట్టుకోవాలి. తరువాత ఆ స్థానంలో గడియారపు టైమరు వచ్చింది. కుర్రవాడికి ఇంజనీరింగు అంటే ఇదే అని వేరే చెప్పనక్కర్లేదు.

కంట్రోల్ లైన్ పోటీ మరో రకం. రెండు సన్నని తీగలు చేతిలో పట్టుకుని మధ్యలో నిలబడితే, చిన్న ఇంజనున్న మోడల్ చుట్టూ తిరుగుతూ ఎగురుతుంది. ఇందులో పోరాట తరగతి ఒకటి ఉంది. ఇద్దరి మోడళ్ల తోకలకూ కాగితపు పట్టీలు కట్టి ఉంటాయి, ఎదుటివాడి పట్టీని ముక్కలు చేసినవాడికి మార్కులు. సంక్రాంతికి మేడ మీద పతంగి పేంచీ వేసిన ఎవరికీ దీన్ని వివరించనక్కర లేదు.

మన దేశంలో ఈ విద్యకు పెద్ద ఆశ్రయం ఎన్‌సీసీ వాయు విభాగం. 1950లో ఏర్పడిన ఆ విభాగంలో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. ఏటా జరిగే అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో దాని పోటీలూ ఉంటాయి. 2013 నుంచి ఐఐటీలతో కలిసి బోయింగ్ కంపెనీ కళాశాలల స్థాయిలో పోటీ నడిపింది. అయితే ఎన్‌సీసీ ఎయిర్ స్క్వాడ్రన్లు సహజంగానే విమానాలు ఎగిరే ఊళ్లను ఆశ్రయించి ఉంటాయి. బేగంపేట చుట్టూ ఉన్న కుర్రవాడికి అందినది కోరుట్ల కుర్రవాడికి అందలేదు. తెలివిలో తేడా లేదు, మైదానం ఎక్కడున్నదన్న దాంట్లోనే తేడా.

3

ఆటకూ కర్మాగారానికీ చుట్టరికం ఉందని ఊరికే అంటే చాలదు, రుజువులు కావాలి. 1871లో పారిస్‌లోని ట్యూలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు మెలివేసిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని ఎగరేశాడు. అది 11 సెకన్లు ఎగిరింది, దూరం సుమారు 40 మీటర్లు. మనిషి కూర్చున్న ఇంజను విమానం లేవడానికి ఇంకా 32 ఏళ్లు ఉన్నప్పుడు, తోక ఉంటే విమానం దానంతట అదే నిలకడగా పోతుందని ఆ 11 సెకన్లు తేల్చేశాయి. అదే మనిషి ఆలోచన నుంచి పుట్టిన రబ్బరు బొమ్మ హెలికాప్టరును 1878లో ఒక తండ్రి తన ఇద్దరు కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ కొడుకులే రైట్ సోదరులు. కుర్రతనంలో మోడళ్లు, గ్లైడర్లు చేసిన రష్యా యాకొవ్లెవ్, పోటీల్లో గెలిచిన అమెరికా బర్ట్ రూటన్ తరువాతి రోజుల్లో పేరున్న విమాన డిజైనర్లయ్యారు. రూటన్ రూపమిచ్చిన వాయేజర్ 1986లో ఎక్కడా ఆగకుండా, దారిలో ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గొప్ప డిజైనర్ల బాల్యంలో మోడళ్లు దొరికినంత మాత్రాన మోడళ్లే వాళ్లను తయారు చేశాయని చెప్పలేం. మోడళ్లు చేసి ఏమీ కాని లక్షల మంది పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. కాబట్టి గొప్పవాళ్ల పేర్లను పక్కన పెట్టి యుద్ధకాలపు అవసరాల నుంచి, కర్మాగారాల నుంచి రుజువు తీసుకుంటాను. 1942లో అమెరికా నౌకాదళానికి శత్రు విమానాలను గుర్తుపట్టడం నేర్పడానికి నమూనాలు కావలసి వచ్చింది. 72వ వంతు కొలతలో 5 లక్షల మోడళ్లు చేసివ్వమని బడిపిల్లలనే అడిగారు. ఆట అనుకున్నదాన్ని యుద్ధమంత్రాంగం లెక్కలోకి తీసుకుంది.

ఇంగ్లండులో అదే యుద్ధంలో మరింత విచిత్రం జరిగింది. డీ హావిలాండ్ కంపెనీ మస్కిటో అనే యుద్ధవిమానాన్ని దాదాపు మొత్తంగా కర్రతో చేసింది. పలుచటి బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య ఈక్వెడార్ నుంచి తెచ్చిన బాల్సా కర్రను పెట్టి అతికించారు. మోడల్ విమానాలు చేసేవాళ్ల చేతిలో ఉండే బాల్సానే అది. 1940 నవంబరులో తొలిసారి ఎగిరిన ఆ విమానాలు ఏడు వేలకు పైగా తయారయ్యాయి. వాటి భాగాలను చేసినవాళ్లలో కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగులు, పియానోలు చేసే పనివాళ్లు ఉన్నారు. విమానం అంటే లోహం, లోహం అంటే పెద్ద యంత్రం, పెద్ద యంత్రం అంటే మనవల్ల కాదు అనే గొలుసు అక్కడే తెగిపోయింది.

మన దేశపు రుజువు ఇంకా దగ్గరది. జర్మన్ డిజైనరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగళూరులో మారుత్ జెట్ యుద్ధవిమానాన్ని రూపొందించేటప్పుడు, లోహపు విమానం కంటే ముందు, అంతే పరిమాణంలో కర్రతో ఒక గ్లైడరు కట్టారు. ఇంజను లేదు. 1959లో డకోటా విమానం వెనుక కట్టి పైకి లాగి వదిలి, రెక్క ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించారు. అసలు మారుత్ 1961 జూన్ 17న ఎగిరింది. ధ్వని వేగాన్ని మించాలని కలగన్న జెట్ మొదట వడ్రంగి బల్ల మీద పుట్టింది. దారంతో లాగి వదిలే గ్లైడరు పోటీకీ ఆ పరీక్షకూ పరిమాణంలో తేడా తప్ప పద్ధతిలో తేడా ఎంత ఉందో మీరే ఆలోచించండి.

4

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. సిరిసిల్ల వాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు, వారికి ఒక సంగతి చెప్పాలి. మొదటి ముప్పై ఏళ్లు విమానం రెక్క అంటే ఎక్కువగా బట్టే. కర్ర చట్రం మీద ఐర్లండు నార బట్ట పరిచి, చట్రానికి దారంతో కుట్టి, పైన డోప్ అనే ద్రవం పూస్తే అది ఎండి డోలు చర్మంలా బిగుసుకునేది. మొదటి ప్రపంచయుద్ధం చివరలో నార దొరక్క అమెరికా పత్తి బట్టకు మళ్లింది. ఆ పత్తి బట్టకు పెట్టిన ప్రమాణం అంగుళానికి 80కి పైగా పోగులు, పడుగులోనూ పేకలోనూ. నేతగాడి తప్పు అక్కడ గుడ్డ చిరగడంతో ఆగేది కాదు. మన టైగర్ మాత్‌లు, ఘాటగే గారి పుష్పక్ కూడా బట్ట తొడుగు విమానాలే.

తర్వాత లోహం వచ్చి నేతను పక్కకు నెట్టింది. కానీ కథ అక్కడ ఆగలేదు. ఇవాళ్టి తేజస్ యుద్ధవిమానం బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లు. కాంపోజిట్ అంటే కార్బన్ పోగులతో నేసిన బట్టలను, పోగుల పట్టీలను పొరలు పొరలుగా పరిచి, రెజిన్‌తో గట్టిపరచినది. మళ్లీ పడుగు, మళ్లీ పేక. పోగు ఎక్కడైనా వదులై వంకర పోతే ఆ చోట బలం తగ్గుతుంది. పడుగు బిగువు సమంగా లేకపోతే గుడ్డ ఏమవుతుందో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవారికి, వైపని వారికి, వార్పింగ్ చేసేవారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఊరు ఇది. అలాంటి చీరను వింతగా చూసి చప్పట్లు కొట్టి వదిలేశాం. నా దృష్టిలో అది వింత కాదు, ఒక కొలత. బరువు తగ్గిస్తూ అల్లిక చెడకుండా చూడడమంటే విమానం తయారుచేసేవాడి సమస్యే.

గోదావరి దాటితే నిర్మల్. అక్కడి బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు, మెత్తగా, తేలికగా ఉండే కర్ర అది. బాల్సా పేరు ప్రపంచానికి తెలుసు, పొనికి పేరు బొమ్మల బజారు దాటలేదు. ఇక కోరుట్ల, జగిత్యాలలో బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లను గమనించండి. ఆకు ఎంత, తంబాకు ఎంత అన్నది తూచకుండానే వేళ్లకు తెలుసు. ఇంత సన్నని పని తెలిసిన చోట ఆ నైపుణ్యానికి దక్కిన విలువ చాలా తక్కువ. దాన్ని మరో మెట్టు ఎక్కించే ఏర్పాటు లేకపోవడం అందుకు ఒక కారణం.

5

ఈ వాదనకు అడ్డు చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. ఆ అభ్యంతరాలను వాళ్ల తరఫున నేనే చెప్పి జవాబు వెతుకుతాను.

మొదటిది, ఇది డబ్బున్నవారి సరదా అన్నది. దిగుమతి బాల్సా, చిన్న ఇంజన్లు, రేడియో పెట్టెలు, కంటోన్మెంటు క్లబ్బులు. ఈ మాటలో నిజం ఉంది. రేడియోతో నడిచే తరగతులు ఇవాళ కూడా ఖరీదైనవే. కానీ స్వేచ్ఛగా ఎగిరే గ్లైడరుకు కావలసింది తేలిక కర్ర, వెదురు పుల్లలు, పతంగి కాగితం, జిగురు. ఇవి ఏ ఊరి బజారులోనైనా దొరుకుతాయి. దొరకనివి ఏటా తప్పకుండా వచ్చే ఒక తేదీ, అందరికీ ఒకటే నిబంధన, పక్షపాతం లేని టైమ్‌కీపరు. పేదరికం కంటే ఈ లోటే ఆటను ఎక్కువగా ఆపింది.

రెండోది ఇంజనీరింగు అధ్యాపకులు అనేది, సరైనదే. చిన్న మోడల్ పెద్ద విమానం కాదు. మోడల్ కొలతలన్నీ రెండింతలు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. చిన్న రెక్కకు గాలి చిక్కగా తోస్తుంది, పెద్ద రెక్కకు పలుచగా. మోడల్‌లో పనిచేసిన రెక్క ఆకారం పెద్దదానిలో పనికిరాకపోవచ్చు. ఒప్పుకుంటాను. మోడల్ నుంచి ఎవరూ అంకెలు ఎత్తుకుపోరు. ముక్కులో 5 గ్రాముల సీసం పెడితే ఏమవుతుంది, తోకలో 5 గ్రాముల జిగురు ఎక్కువైతే ఏమవుతుంది అని ప్రతిసారీ అడగడమే అక్కడ అలవాటయ్యేది. ఘాటగే తరం కూడా గాలి సొరంగపు అంకెలను నేరుగా విమానానికి అతికించలేదు, సవరించే లెక్కలు నేర్చుకుంది.

మూడోది పాత కర్మాగారాల గురించి. మిగ్ డ్రాయింగులు రష్యావాళ్లవి, మనవాళ్లు చెప్పినట్టు చేశారు, అందులో సొంతం ఏముందని అడుగుతారు. డిజైను స్వాతంత్ర్యం లేదన్నది నిజం, దాని నష్టం చాలా కాలం అనుభవించాం. అయినా డ్రాయింగును అక్షరాలా పాటించడం చిన్న విద్య కాదు. బాలానగర్‌లో పెద్ద కర్మాగారాల చుట్టూ వందల చిన్న వర్క్‌షాపులు పెరిగాయి. 1968లో అక్కడే కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వచ్చింది. 1970లో అదే ప్రాంతంలో మొదలైన ఎంటార్ కంపెనీ తర్వాతి కాలంలో ఇస్రో రాకెట్ల వికాస్ ఇంజన్లకు పనిచేసింది. ఇంకొకరి డ్రాయింగు మీద చేయి స్థిరపడ్డ చోటే ఇలాంటివి మొలకెత్తాయి. ఖాళీ నేలలో మొలకెత్తలేదు.

నాలుగోది కుర్రవాళ్లది. ఇవాళ కోసేది సీఎన్‌సీ యంత్రం, ఎగిరేది డ్రోను, చేతిపనితో ఏం పని అంటారు. ఆదిభట్లను చూడండి. టాటా సంస్థలు అక్కడ 2010 ప్రాంతం నుంచి సికోర్‌స్కీ హెలికాప్టర్ల క్యాబిన్లు, సీ-130 విమానాల తోక భాగాలు, 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల శరీరాలు చేస్తూ వచ్చాయి. యంత్రం ముక్కను కోస్తుంది. ఆ ముక్కలను సరైన వరుసలో చేర్చి, రంధ్రం వేసి, రివెట్టు కొట్టి, తీగలు లాగి, కట్ట కట్టే పనిలో మనిషి చేయి ఇంకా ఉన్నది. ఇక డ్రోను మాటకొస్తే, దానిలోని కంప్యూటరు సెకనుకు వందలసార్లు తప్పును సవరిస్తూ ఉంటుంది. బరువు ఒక పక్కకు వాలినా మోటారు వేగం పెంచి లాక్కుపోతుంది, చేసినవాడికి తన తప్పు తెలియనే తెలియదు. వదిలేసిన గ్లైడరు అలా కాదు, తప్పు ఉంటే పది సెకన్లలో నేల మీద పడేసి చూపిస్తుంది. నేర్చుకునేవాడికి ముందుగా కావలసింది అబద్ధం ఆడని గురువు. డ్రోను తరువాత నేర్చుకోవచ్చు.

ఐదోది అన్నింటికంటే బరువైనది, గల్ఫ్‌కు కొడుకులను పంపిన ఇళ్ల నుంచి వచ్చేది. విమానం మాకు కొత్త కాదు, ఏడాదికోసారి ఏడుస్తూ ఎక్కిస్తాం, మాకు కావలసింది నౌకరీ, గాలిలో ఎగిరే బొమ్మ కాదు అంటారు వాళ్లు. ఈ మాట ముందు నేను గొంతు పెంచను. పోటీ నౌకరీలు పుట్టించదు. విమాన కర్మాగారాలు తీసుకునే మనుషులు కూడా తక్కువే, ఈ మూడు ఊళ్ల నిరుద్యోగాన్ని అవి తీర్చలేవు. సాంచాలు ఆగిపోయిన ఇంటికి గ్లైడరు బియ్యం తేదు. నేను అనేది ఇంతే. ఉన్న కొద్దిపాటి చోటుకైనా మనవాళ్లు తలుపు దాకా వెళ్లలేకపోతున్నారు. ఆదిభట్ల కర్మాగారం, శంషాబాద్‌లోని విమాన మరమ్మతు కేంద్రం సర్టిఫికెట్‌తో పాటు కొలత దాటితే ఒప్పుకునే స్వభావాన్ని కూడా చూస్తాయి. ఆ స్వభావం పుస్తకంలో దొరకదు, పదిమంది ముందు ఓడిపోయి మళ్లీ కట్టుకున్నవాడి దగ్గర దొరుకుతుంది. గల్ఫ్‌కు పోయే పిల్లవాడికి సైతం కూలిగా పోవడానికీ టెక్నీషియనుగా పోవడానికీ మధ్య జీతంలో తేడా ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు.

6

చివరిగా, ఏం చేయాలన్నది. చాలా కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే పెద్ద పథకాలు ప్రకటించి మరచిపోవడం మనకు బాగా అలవాటు. జగిత్యాల దగ్గరి నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, సిరిసిల్లలోనూ ఇప్పుడు జేఎన్‌టీయూ కళాశాల ఉంది, మూడు ఊళ్లలో వృత్తి విద్య చదివే పిల్లలున్నారు. వానాకాలపు వడ్లు కోసిన తర్వాత, యాసంగి నాట్లు పడకముందు కొన్ని వారాలు పొలాలు ఖాళీగా ఉంటాయి. గ్లైడరు దిగడానికి అంతకంటే మెత్తని మైదానం ఉండదు, రైతు అనుమతి అడిగితే చాలు. తెల్లవారుజామున గాలి నిలిచి ఉన్నప్పుడు పోటీ పెట్టాలి, ఎండ ముదిరితే వేడిగాలి లేచి చేసినవాడి పనితనం తెలియదు. తొలి ఏడాది ఒకే తరగతి చాలు, దారంతో లాగే గ్లైడరు. కట్టినవాడే ఎగరేయాలి, కొని తెచ్చినది చెల్లదు. విరిగితే మైదానంలోనే అతికించుకోవడానికి సమయం ఇవ్వాలి. ప్రతి మోడల్‌తో పాటు ఒక కార్డు ఉండాలి, ఏ భాగం ఎన్ని గ్రాములు, ఏ రోజు ఏం మార్చారు అన్నది రాసి. కార్డు లేని మోడల్ ఎంత బాగా ఎగిరినా లెక్కలోకి రాకూడదు.

న్యాయనిర్ణేతలుగా ముందు వరుసలో కూర్చున్న విశ్రాంత ఇన్‌స్పెక్టర్లను పిలవండి. ఆ ముద్రలు వేసిన చేతులు వాళ్లవి, కార్డు చూడగానే ఎవరు నిజంగా తూచారో, ఎవరు ఊహించి రాశారో పట్టేస్తారు. సిరిసిల్ల నుంచి ఒక వార్పింగ్ పనివాణ్ని కూడా కూర్చోబెట్టండి, రెక్క మీద కాగితం బిగువు చూడడానికి. బహుమతి సొమ్ము గురించి ఇప్పుడే చర్చ వద్దు. నిధి నుంచి మొదట కొనవలసింది గ్రాములో పదో వంతు చూపే త్రాసు. అంతవరకు ఆగలేమంటే జగిత్యాల బజారులో ఏ కంసాలి దుకాణంలో అడిగినా ఒక పూటకు ఇస్తారు.